లండన్ డబుల్ డెక్కర్ బస్సులు

లండన్ డబుల్ డెక్కర్ బస్సులు, ఇంగ్లాండు రాజధాని లండన్ నగరంలో ప్రజా రవాణాకు వాడే రెండంతస్తుల ఎర్ర బస్సులు. లండన్ నగరానికి గుర్తుగా ఇవి ప్రపంచమంతటా పేరు పొందాయి. 19వ శతాబ్దంలో గుర్రపు బళ్ళుగా మొదలైన ఈ వాహనాలు ఆ తరువాత పెట్రోలు, డీజిల్, విద్యుత్తు, హైడ్రోజన్ వంటి అనేక చోదక శక్తులతో నడిచాయి. రోడ్డుపై తక్కువ స్థలంలో ఎక్కువ మందిని చేరవేయడం వీటి ప్రధాన సుగుణం. జనం రద్దీగా ఉండే వీధులలోనే డీజిల్ పొగ వదలడం వీటి ప్రధాన దోషం. ఆ దోషాన్ని తొలగించడానికి చేసిన ప్రయత్నాలు 1990ల నుండి ఈ బస్సుల చరిత్రలో ముఖ్య భాగమయ్యాయి. విద్యుత్తుతో నడిచే డబుల్ డెక్కర్లు లండన్‌కు కొత్తవి కావు. 20వ శతాబ్దంలో రెండుసార్లు ప్రవేశించి, రెండుసార్లూ నిష్క్రమించిన తరువాత, 2016లో అవి మూడవసారి వచ్చాయి.

నిర్మాణం

డబుల్ డెక్కర్ బస్సులో క్రింది అంతస్తు నుండి మెట్ల ద్వారా పై అంతస్తుకు చేరవచ్చు. సాధారణంగా పై అంతస్తులో కూర్చునే ప్రయాణానికి మాత్రమే అనుమతి ఉంటుంది. నిలబడి ప్రయాణించే వారు క్రింది అంతస్తులోనే ఉండాలి. బస్సు ఎత్తు దాదాపు 4.4 మీటర్లు ఉండటం వల్ల తక్కువ ఎత్తున్న వంతెనలు, వేలాడే తీగలు, చెట్ల కొమ్మలు గల దారులలో ఇవి నడవలేవు.

ఎత్తైన వాహనం కాబట్టి పక్కకు పడిపోతుందేమో అన్న సందేహం సహజం. బ్రిటిష్ నిబంధనల ప్రకారం పై అంతస్తు నిండుగా ప్రయాణికులున్నంత బరువు ఉంచి, బస్సును 28 డిగ్రీల వరకు పక్కకు వంచి పరీక్షిస్తారు. ఆ వంపులో కూడా బస్సు పడిపోకూడదు. ఈ కారణంగా ఇంజను, ఇంధన ట్యాంకు వంటి బరువైన భాగాలను వీలైనంత క్రిందుగా అమరుస్తారు. ఒక అంతస్తు విద్యుత్ బస్సులలో బ్యాటరీలను పైకప్పు మీద పెట్టే వీలుంది. డబుల్ డెక్కర్‌లో ఎత్తు, స్థిరత్వం రెండూ అడ్డు వస్తాయి కాబట్టి ఆ వీలు లేదు. బ్యాటరీలను బస్సు వెనుక భాగంలోను, మెట్ల క్రింద, నేల క్రింద దొరికిన చోట్లలోను సర్దవలసి వస్తుంది. డబుల్ డెక్కర్లను విద్యుత్తుకు మార్చడంలో ఇంజనీర్లు ఎదుర్కొన్న చిక్కులలో ఇది ఒకటి.

చరిత్ర

గుర్రపు బళ్ళ కాలం

1829 జులై 4న జార్జ్ షిల్లిబీర్ అనే వ్యాపారి పాడింగ్టన్ నుండి బ్యాంక్ ప్రాంతానికి లండన్‌లో మొదటి ఆమ్నిబస్సును నడిపాడు. దానికి ఒకే అంతస్తు ఉండేది. ఆ తరువాత రద్దీ పెరగడంతో ప్రయాణికులు బండి పైకప్పు మీద కూడా కూర్చోసాగారు. 19వ శతాబ్దం మధ్య నాటికి పైకప్పు మీద బల్లలు, ఎక్కడానికి మెట్లు అమర్చడంతో రెండంతస్తుల బండి రూపుదిద్దుకుంది. ఒక బండిని రోజంతా నడపడానికి జతలు మారుస్తూ పది, పదకొండు గుర్రాలు అవసరమయ్యేవి. వాటి మేత ఖర్చు, వీధులలో పేరుకొనే పేడ ఆనాటి లండన్‌కు పెద్ద సమస్యలు.

తొలి విద్యుత్ బస్సులు

1907 జులైలో లండన్ ఎలక్ట్రోబస్ కంపెనీ బ్యాటరీతో నడిచే డబుల్ డెక్కర్ బస్సులను విక్టోరియా, లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్ల మధ్య ప్రవేశపెట్టింది. ఒక్కొక్క బస్సులో 34 మందికి చోటుండేది. బ్యాటరీ బరువు సుమారు ఒకటిన్నర టన్నులు. ఒకసారి ఛార్జి చేస్తే బస్సు దాదాపు 60 కిలోమీటర్లు నడిచేది. ఛార్జి అయిపోగానే గ్యారేజీలో పాత బ్యాటరీని దించి, ఛార్జి చేసి ఉంచిన మరొక బ్యాటరీని కొన్ని నిముషాలలోనే ఎక్కించేవారు. శబ్దం, పొగ లేని ఈ బస్సులు ప్రయాణికులకు నచ్చినప్పటికీ సంస్థ నిర్వాహకుల ఆర్థిక అవకతవకల కారణంగా 1910లో మూతపడింది.

అదే 1910లో లండన్ జనరల్ ఆమ్నిబస్ కంపెనీ "బి-టైపు" పెట్రోలు బస్సును విడుదల చేసింది. పెద్ద సంఖ్యలో తయారై విజయవంతమైన తొలి మోటారు బస్సులలో ఇది ఒకటి. దీని రాకతో ఆ కంపెనీ 1911 అక్టోబరులో తన చివరి గుర్రపు బండిని ఉపసంహరించుకొంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు 900 బి-టైపు బస్సులను సైనికుల రవాణాకు వాడారు. 1920ల మధ్య వరకు ఈ బస్సుల పై అంతస్తుకు కప్పు ఉండేది కాదు. వానలో పై అంతస్తు ప్రయాణికులు తడవవలసిందే. 1930లలో చౌకైన డీజిల్ ఇంజన్లు పెట్రోలు ఇంజన్ల స్థానాన్ని ఆక్రమించాయి.

ట్రాలీ బస్సులు

1931లో లండన్‌లో ట్రాలీ బస్సులు మొదలయ్యాయి. ఇవి రోడ్డు పైన కట్టిన రెండు తీగల నుండి విద్యుత్తు తీసుకొని నడిచే బస్సులు. వీటిలో అత్యధికం డబుల్ డెక్కర్లే. పట్టాలు అవసరం లేనందున ట్రాముల స్థానంలో వీటిని విస్తరించారు. ప్రపంచంలోని అతి పెద్ద ట్రాలీ బస్సు వ్యవస్థలలో ఇది ఒకటిగా ఎదిగింది. అయితే తీగల నిర్వహణ ఖర్చు ఎక్కువని, దారి మార్చుకొనే వీలు లేదని భావించి అధికారులు దీనిని డీజిల్ బస్సులతో భర్తీ చేయడానికి నిర్ణయించారు. 1962 మే 8న లండన్‌లో చివరి ట్రాలీ బస్సు నడిచింది. ఆ బస్సులకు కావలసిన విద్యుత్తు బొగ్గుతో తయారయ్యేది కాబట్టి అవి పూర్తిగా కాలుష్య రహితం కావు. కాని పొగ మాత్రం వీధిలో వెలువడేది కాదు.

రూట్‌మాస్టర్

ట్రాలీ బస్సుల స్థానాన్ని భర్తీ చేయడానికి లండన్ ట్రాన్స్‌పోర్టు సంస్థ రూపొందించిన డీజిల్ బస్సు రూట్‌మాస్టర్. ఎ.ఎ.ఎం. డ్యురాంట్ నాయకత్వంలోని ఇంజనీర్లు దీనిని రూపొందించారు. బాహ్య రూపాన్ని డగ్లస్ స్కాట్ తీర్చిదిద్దాడు. మొదటి నమూనాను 1954లో ప్రదర్శించగా, 1956 ఫిబ్రవరి 8న అది 2వ నంబరు మార్గంలో ప్రయాణికులతో నడిచింది. 1968 వరకు మొత్తం 2,876 బస్సులు తయారయ్యాయి.

యుద్ధకాలంలో విమానాల తయారీలో నేర్చుకొన్న పద్ధతులతో దీని శరీరాన్ని అల్యూమినియంతో నిర్మించారు. అందువల్ల 64 సీట్లున్నా బరువు సుమారు ఏడున్నర టన్నులే. పవర్ స్టీరింగు, ఆటోమేటిక్ గేర్లు ఆనాటి బస్సులలో అరుదైన సౌకర్యాలు. వెనుక తలుపు లేని ఫుట్‌బోర్డు, టికెట్లు ఇచ్చే కండక్టరు దీని ప్రత్యేకతలు. కొన్నేళ్ళకే మార్చాలన్న ఆలోచన లేకుండా, విడిభాగాలను విప్పి బాగుచేసుకొనే విధంగా తయారు చేయడం వల్ల ఇది దాదాపు అర్ధ శతాబ్దం పని చేసింది. 1990లలోను, ఆ తరువాత కూడా అనేక రూట్‌మాస్టర్లకు పాత ఇంజన్లను తీసివేసి కమిన్స్, ఐవెకో, స్కానియా సంస్థల కొత్త ఇంజన్లు బిగించారు.

చక్రాల కుర్చీలో వచ్చేవారు, వృద్ధులు ఎక్కడానికి ఫుట్‌బోర్డు అనుకూలం కాదు. కండక్టరు జీతం వల్ల నిర్వహణ ఖర్చు కూడా ఎక్కువ. ఈ కారణాలతో 2005 డిసెంబరు 9న 159వ నంబరు మార్గంలో రూట్‌మాస్టర్ సాధారణ సేవలు ముగిశాయి. 9, 15 నంబర్ల మార్గాలలో వారసత్వ సేవలుగా కొన్ని బస్సులను మరికొంత కాలం నడిపారు. 9వ నంబరు సేవ 2014లోను, 15వ నంబరు సేవ కోవిడ్ కాలంలోను ఆగిపోయాయి.

వాయు కాలుష్యం

1952 డిసెంబరు 5 నుండి 9 వరకు లండన్‌ను కమ్మిన పొగమంచు వల్ల సుమారు 4,000 మంది మరణించినట్లు అప్పట్లో అంచనా వేశారు. తరువాతి పరిశోధకులు ఈ సంఖ్యను 12,000 వరకు లెక్కించారు. ఆ రోజులలో దారి కనబడక కండక్టర్లు దీపం పట్టుకొని బస్సు ముందు నడిచారు. ఆ పొగమంచుకు ముఖ్య కారణం బొగ్గు. బొగ్గు వాడకం తగ్గిన తరువాత వాహనాల పొగ ప్రధాన సమస్య అయ్యింది.

డీజిల్ ఇంజను పొగలో ఆరోగ్యానికి ముఖ్యంగా హాని చేసేవి రెండు. మొదటిది మసితో కూడిన సూక్ష్మ ధూళి కణాలు. ఇవి ఊపిరితిత్తుల లోతుకు చేరగలవు. రెండవది నైట్రోజన్ ఆక్సైడ్లు. ఇంజనులోని అధిక ఉష్ణోగ్రత వద్ద గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి ఇవి ఏర్పడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో డీజిల్ పొగను మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది.

ఐరోపా చట్టం ప్రకారం నైట్రోజన్ డయాక్సైడ్ గంట సగటు ఘనపు మీటరుకు 200 మైక్రోగ్రాములను ఏడాదిలో 18 సార్ల కంటే ఎక్కువ మించరాదు. 2017లో లండన్‌లోని బ్రిక్స్‌టన్ రోడ్డు జనవరి 5 నాటికే ఈ వార్షిక పరిమితిని దాటిపోయింది. బస్సులు ఎక్కువగా తిరిగే పట్నీ హై స్ట్రీట్ వంటి వీధులలో కూడా ఇదే పరిస్థితి ఉండేది. ఆగ్నేయ లండన్‌లో రద్దీ రోడ్డు సమీపంలో నివసించిన తొమ్మిదేళ్ళ బాలిక ఉబ్బసంతో 2013లో మరణించింది. ఆమె మరణానికి వాయు కాలుష్యం కూడా ఒక కారణమని 2020 డిసెంబరులో విచారణాధికారి తీర్పునిచ్చాడు. బ్రిటన్‌లో ఒక వ్యక్తి మరణానికి కారణంగా వాయు కాలుష్యాన్ని అధికారికంగా పేర్కొనడం అదే మొదటిసారి.

డీజిల్ ఇంజన్లలో మార్పులు

బస్సులు, లారీల ఇంజన్లు వదిలే కాలుష్యానికి ఐరోపా దేశాలు 1992 నుండి "యూరో" పేరుతో పరిమితులు విధించాయి. ఇంజను చేసే ఒక కిలోవాట్-గంట పనికి ఎన్ని గ్రాముల కాలుష్యం వెలువడవచ్చో ఇవి నిర్ణయిస్తాయి.

* యూరో 1 (1992): నైట్రోజన్ ఆక్సైడ్లు 8.0 గ్రాములు, ధూళి కణాలు 0.36 గ్రాములు
* యూరో 3 (2000): నైట్రోజన్ ఆక్సైడ్లు 5.0 గ్రాములు, ధూళి కణాలు 0.10 గ్రాములు
* యూరో 4 (2005): నైట్రోజన్ ఆక్సైడ్లు 3.5 గ్రాములు, ధూళి కణాలు 0.02 గ్రాములు
* యూరో 5 (2008): నైట్రోజన్ ఆక్సైడ్లు 2.0 గ్రాములు, ధూళి కణాలు 0.02 గ్రాములు
* యూరో 6 (2013): నైట్రోజన్ ఆక్సైడ్లు 0.4 గ్రాములు, ధూళి కణాలు 0.01 గ్రాములు

అంటే రెండు దశాబ్దాలలో నైట్రోజన్ ఆక్సైడ్ల పరిమితి 20వ వంతుకు, ధూళి కణాల పరిమితి 36వ వంతుకు తగ్గింది. దీనిని సాధించడానికి ముఖ్యంగా ఈ క్రింది పద్ధతులు వాడతారు.

మసి వడపోత: పొగ గొట్టంలో సన్నని రంధ్రాలు గల పింగాణీ వంటి వడపోతను అమరుస్తారు. మసి అందులో చిక్కుకొంటుంది. నిండినప్పుడు అధిక ఉష్ణోగ్రత వద్ద ఆ మసి కాలిపోయి వడపోత శుభ్రమవుతుంది. 2005 చివరి నాటికి లండన్ బస్సులన్నిటికీ ఇటువంటి వడపోతలు అమర్చారు.

యూరియా ద్రావణం: 32.5 శాతం యూరియా కలిపిన నీటిని వేడి పొగలోకి చిమ్ముతారు. యూరియా నుండి వెలువడే అమ్మోనియా, ఉత్ప్రేరకం సమక్షంలో నైట్రోజన్ ఆక్సైడ్లను నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తుంది. ఈ చర్యకు పొగ తగినంత వేడిగా ఉండాలి. నగరంలో తరచుగా ఆగుతూ నెమ్మదిగా నడిచే బస్సులలో పొగ చల్లబడటం వల్ల ప్రయోగశాలలో వచ్చిన ఫలితం వీధిలో రాకపోవచ్చు. యూరో 4, 5 ఇంజన్లలో ఈ లోపం కనిపించింది. యూరో 6 పరీక్షలలో వాస్తవ రోడ్డు పరిస్థితులకు ప్రాధాన్యం పెరగడానికి ఇది ఒక కారణం.

పొగ పునఃప్రసరణ: పొగలో కొంత భాగాన్ని చల్లబరచి తిరిగి ఇంజనులోకి పంపితే దహన ఉష్ణోగ్రత తగ్గి నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా ఏర్పడతాయి.

2017 మార్చిలో పట్నీ హై స్ట్రీట్‌లో మొదటి "తక్కువ కాలుష్య బస్సు మండలం" ఏర్పడింది. ఇటువంటివి మొత్తం 12 ఏర్పాటయ్యాయి. వాటిలో యూరో 6 స్థాయి లేదా అంతకంటే మెరుగైన బస్సులను మాత్రమే నడిపారు. వేలాది పాత బస్సులకు కొత్త పొగ శుద్ధి పరికరాలు అమర్చిన తరువాత, 2021 జనవరి నాటికి లండన్ బస్సులన్నీ యూరో 6 స్థాయికి చేరాయి.

హైబ్రిడ్ బస్సులు

హైబ్రిడ్ బస్సులో డీజిల్ ఇంజనుతో పాటు విద్యుత్ మోటారు, బ్యాటరీ ఉంటాయి. బ్రేకు వేసినప్పుడు వృథా అయ్యే శక్తిని విద్యుత్తుగా మార్చి బ్యాటరీలో నిలువ చేసి, తిరిగి బయలుదేరేటప్పుడు వాడుకొంటారు. కాబట్టి మాటిమాటికీ ఆగే నగర బస్సులలో ప్రయోజనం ఎక్కువ. ఇంధనం సుమారు 30 శాతం వరకు ఆదా అవుతుంది. లండన్‌లో మొదటి హైబ్రిడ్ డబుల్ డెక్కర్ 2007లో 141వ నంబరు మార్గంలో నడిచింది.

2012 ఫిబ్రవరి 27న 38వ నంబరు మార్గంలో "న్యూ రూట్‌మాస్టర్" ప్రవేశించింది. థామస్ హెథర్‌విక్ సంస్థ రూపకల్పనలో, ఉత్తర ఐర్లాండుకు చెందిన రైట్‌బస్ సంస్థ దీనిని తయారు చేసింది. మూడు తలుపులు, రెండు మెట్ల దారులు గల ఈ హైబ్రిడ్ బస్సులో చక్రాలను విద్యుత్ మోటారు తిప్పుతుంది. 4.5 లీటర్ల చిన్న డీజిల్ ఇంజను బ్యాటరీని ఛార్జి చేయడానికి పనిచేస్తుంది. 2017 నాటికి 1,000 బస్సులు తయారయ్యాయి. పై అంతస్తులో కిటికీలు తెరుచుకోక వేసవిలో ఉక్కపోత పుడుతున్నదన్న ఫిర్యాదుల వల్ల 2015లో తెరిచే కిటికీలు అమర్చడానికి నిర్ణయించారు. కొన్ని బస్సులలో బ్యాటరీలు సరిగా పనిచేయక ఇంజను ఎక్కువగా నడవవలసి వచ్చినందున వాటిని మార్చారు. వెనుక ఫుట్‌బోర్డు వద్ద ఉండే రెండవ ఉద్యోగిని 2016లో తొలగించడంతో ఆ తలుపును ప్రయాణంలో మూసి ఉంచసాగారు.

విద్యుత్, హైడ్రోజన్ బస్సులు

2016లో చైనాకు చెందిన బి.వై.డి. సంస్థ తయారు చేసిన ఐదు బ్యాటరీ డబుల్ డెక్కర్లు 98వ నంబరు మార్గంలో ప్రవేశించాయి. 1910లో ఎలక్ట్రోబస్సు మూతపడిన శతాబ్దం తరువాత బ్యాటరీ డబుల్ డెక్కర్ లండన్ వీధులలోకి తిరిగి వచ్చింది. 2019లో 43వ నంబరు మార్గాన్ని పూర్తిగా విద్యుత్ డబుల్ డెక్కర్లకు మార్చారు.

2021 జూన్‌లో 7వ నంబరు మార్గంలో 20 హైడ్రోజన్ డబుల్ డెక్కర్లను ప్రవేశపెట్టారు. వీటిలో హైడ్రోజన్, గాలిలోని ఆక్సిజన్ ఫ్యూయల్ సెల్‌లో కలిసి విద్యుత్తును ఉత్పత్తి చేస్తాయి. నీటి ఆవిరి మాత్రమే వెలువడుతుంది. హైడ్రోజన్ నింపడానికి కొద్ది నిముషాలు చాలు. అయితే ప్రపంచంలో హైడ్రోజన్ ఎక్కువ భాగం సహజ వాయువు నుండే తయారవుతున్నందున దాని తయారీలో కాలుష్యం తప్పడం లేదు.

2025 నాటికి లండన్‌లో పొగ వదలని బస్సుల సంఖ్య 2,000 దాటింది. బస్సులన్నిటినీ 2034 లోగా ఈ విధంగా మార్చాలన్నది నగర రవాణా సంస్థ లక్ష్యం. పొగ లేకపోయినా టైర్లు, బ్రేకుల అరుగుదల వల్ల ధూళి మాత్రం వెలువడుతూనే ఉంటుంది. చలికాలంలో బస్సు లోపలి భాగాన్ని వేడి చేయడానికి బ్యాటరీ శక్తి ఖర్చై, బస్సు నడిచే దూరం తగ్గుతుంది.

బస్సు ఔత్సాహికులు, అభిప్రాయ భేదాలు

బ్రిటన్‌లో బస్సుల గురించి సమాచారం సేకరించడం, పాత బస్సులను కొని బాగుచేయడం చాలా మందికి అభిరుచి. సర్రే ప్రాంతంలోని బ్రూక్‌లాండ్స్ వద్ద 2011లో ప్రారంభమైన లండన్ బస్సు మ్యూజియంలోను, కోవెంట్ గార్డెన్‌లోని రవాణా మ్యూజియంలోను పాత బస్సులను భద్రపరిచారు. 1973కు ముందు తయారైన వాహనాలకు లండన్ కాలుష్య రుసుము నుండి మినహాయింపు ఉండటం వల్ల పాత రూట్‌మాస్టర్లు ఇప్పటికీ పెళ్ళిళ్ళలో, ఉత్సవాలలో కనిపిస్తాయి.

ఔత్సాహికులలో ప్రధానమైన చర్చ బరువు గురించినది. పాత రూట్‌మాస్టర్ ఏడున్నర టన్నుల బరువుతో 64 సీట్లు మోసింది. న్యూ రూట్‌మాస్టర్ 12 టన్నులకు పైగా బరువుండి 62 సీట్లు మాత్రమే కలిగి ఉంది. తేలికైన బస్సును కొత్త ఇంజనుతో దశాబ్దాల పాటు నడపడం, కొత్త బస్సును తయారు చేయడం కంటే మేలని కొందరు వాదిస్తారు. పెరిగిన బరువులో ఎక్కువ భాగం భద్రత, చక్రాల కుర్చీకి స్థలం, వెడల్పైన తలుపులు, పొగ శుద్ధి పరికరాలు, బ్యాటరీల వల్ల వచ్చినదని, వాటిని వదులుకోలేమని మరికొందరి వాదన. ఫుట్‌బోర్డు ఎక్కలేని ప్రయాణికుడికి పాత బస్సు ఎంత అందమైనదైనా ఉపయోగం లేదు. ఆ బస్సు వెనుక పొగ పీల్చే పాదచారికీ అంతే.

భారతదేశంలో

బ్రిటిష్ డబుల్ డెక్కర్ల ప్రభావం భారతదేశంలోనూ కనిపిస్తుంది. ముంబైలో 1937లో మొదలైన ఈ బస్సులలో చివరి డీజిల్ డబుల్ డెక్కర్ 2023 సెప్టెంబరు 15న నడిచింది. ప్రయాణికులు, ఔత్సాహికులు పూలదండలతో దానికి వీడ్కోలు పలికారు. అప్పటికే, 2023 ఫిబ్రవరిలో, అక్కడ విద్యుత్ డబుల్ డెక్కర్లు సేవలోకి వచ్చాయి. యూరో పరిమితుల ఆధారంగా రూపొందిన భారత్ స్టేజి నిబంధనలలో ఆరవ దశ 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా అమలులోకి వచ్చింది.

హైదరాబాదు, సికింద్రాబాదు జంట నగరాలలో రోడ్డు రవాణా సంస్థ ట్యాంక్‌బండ్ మీదుగా డబుల్ డెక్కర్లను నడిపేది. 2000 దశకంలో అవి కనుమరుగయ్యాయి. 2023 ఫిబ్రవరి 7న హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ మూడు విద్యుత్ డబుల్ డెక్కర్లను ప్రారంభించింది. 65 సీట్లు గల ఈ బస్సు ఒకసారి ఛార్జి చేస్తే 150 కిలోమీటర్లు నడుస్తుంది. ఒక్కొక్క బస్సు ధర 2.16 కోట్ల రూపాయలు. వీటిని తయారు చేసిన స్విచ్ మొబిలిటీ, అశోక్ లేలాండ్ అనుబంధ సంస్థ. ఇంగ్లాండులో ఆప్టేర్ పేరుతో ఉన్న కంపెనీయే 2020లో ఈ పేరు స్వీకరించింది. ఆప్టేర్ తయారు చేసిన మెట్రోడెక్కర్ విద్యుత్ బస్సులను లండన్‌లో కూడా నడిపారు. 2025 ఆగస్టులో విశాఖపట్నం సముద్రతీర మార్గంలో పర్యాటకుల కోసం విద్యుత్ డబుల్ డెక్కర్లను ప్రారంభించారు.

ఇవి కూడా చూడండి

* లండన్
* వాయు కాలుష్యం
* డీజిల్ ఇంజను
* విద్యుత్ వాహనం
* హైదరాబాదు రవాణా వ్యవస్థ